గర్భనిరోధం ఖర్చు: పెట్టిందెవరు, మోసిందెవరు

గర్భనిరోధం ఖర్చు అనగానే మాత్రల పట్టీ మీదో, నిరోధ్ పాకెట్టు మీదో అచ్చేసిన ధర గుర్తుకొస్తుంది. లెక్క అంతటితో తేలదు. ఆపరేషన్ చేసే డాక్టరు జీతం, ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఆటో, పోయిన కూలి, కుట్లు చీము పడితే మళ్లీ మందులు, ఆపరేషన్ విఫలమైతే పుట్టిన బిడ్డ పెంపకం కూడా ఈ పద్దులోకే వస్తాయి. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం భారతదేశం. 1952 నుంచి ఈ ఖర్చులో కంటికి కనిపించే భాగాన్ని ఇక్కడ చాలావరకు ప్రభుత్వమే పెడుతోంది. కనిపించని భాగాన్ని ఎక్కువగా ఆడవాళ్లు మోస్తున్నారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని సామెత. ఈ విషయంలో వడ్డించేవాడు తనకు నచ్చిందే విస్తట్లో వేశాడు. ఎన్నో పద్ధతులు ముందు పెట్టి జనాన్నే ఎంచుకోనివ్వాలన్న విధానానికి ప్రభుత్వ పత్రాల్లో 'కఫెటేరియా పద్ధతి' అని పేరు. ఆ కఫెటేరియాలో ఏ కాలంలో ఏ వంటకం దొరికిందో చెప్పాలంటే, ఆ కాలంలో డబ్బు ఎవరిదో చూస్తే చాలు.

పూసల దండ, లూప్, రేట్ల పట్టిక

ప్రభుత్వం రంగంలోకి దిగకముందు ఇది దాతల పని, సంస్కర్తల పని. రఘునాథ్ ధోండో కర్వే 1921లో బొంబాయిలో గర్భనిరోధ సలహా కేంద్రం తెరిచాడు. 1930లో మైసూరు సంస్థానం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఇలాంటి కేంద్రాలు పెట్టించింది. 1935 డిసెంబరులో అమెరికా ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్ వార్ధా వచ్చి గాంధీతో వాదించింది. గాంధీ నిగ్రహం ఒక్కటే దారి అన్నాడు. ఖజానాకు పైసా ఖర్చు లేని పద్ధతి అది.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయించారు. అందులో పెద్ద భాగం ఖర్చే కాలేదు. అప్పటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గాంధేయవాది. కృత్రిమ పద్ధతులంటే ఆమెకు గిట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వచ్చిన డాక్టర్ అబ్రహాం స్టోన్ 'సురక్షిత దినాల' లెక్క నేర్పడానికి రంగు పూసల దండ తయారుచేయించాడు. రోజుకో పూస జరపాలి. పూస రంగును బట్టి ఆ రాత్రి దగ్గర కావచ్చో, దూరంగా ఉండాలో తెలుస్తుంది. ఢిల్లీలోని లోదీ కాలనీలో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో దీన్ని పరీక్షించారు. ఫలితం అంతంతమాత్రం. మంత్రి నమ్మకం ఎటుంటే డబ్బూ అటే పోయిందనడానికి మాత్రం ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

మద్రాసు ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. ఆపరేషన్ చేయించుకున్న పేదలకు 1956లోనే కొంత సొమ్ము చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. ఆనాటికి అది ఒక రాష్ట్రం చేసిన చిన్న ప్రయోగం. పదేళ్లు తిరిగేసరికి దేశమంతా అదే పద్ధతి అయింది.

1960లలో కరువులు, అమెరికా గోధుమలు, 'జనాభా విస్ఫోటనం' అన్న మాట కలిసి వచ్చాయి. జనాభా నియంత్రణ మీద పెట్టే 5 డాలర్లు అభివృద్ధి మీద పెట్టే 100 డాలర్లతో సమానమన్న లెక్కను అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965లో వినిపించాడు. అదే ఏడాది మన దేశంలోకి గర్భాశయంలో అమర్చే ప్లాస్టిక్ లూప్ వచ్చింది. 1966లో కుటుంబ నియంత్రణకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఖర్చు నూటికి నూరుపాళ్లూ కేంద్రానిదే. రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే సొమ్ముకు రేట్లు కట్టారు: లూప్ వేస్తే 11 రూపాయలు, మగవాళ్లకు చేసే వేసెక్టమీకి 30, ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీకి 40. అందులో కొంత ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, కొంత డాక్టరుకు, కొంత తీసుకొచ్చిన మనిషికి.

నేత మగ్గం మీద గజానికింత అన్నట్టు, ఇక్కడ శరీరానికింత. లెక్క, వేసిన లూప్‌లకే గానీ వేయించుకున్నామెను ఆ తర్వాత చూసుకున్నందుకు కాదు. రక్తస్రావంతో, నొప్పితో బాధపడినవాళ్లు ఊళ్లలో చెప్పుకున్నారు. రెండేళ్లలోనే లూప్ పేరు చెడింది. పోయిన లక్ష్యాన్ని పూడ్చడానికి మిగిలింది ఆపరేషన్.

ఆపరేషన్ల మేళాకు పేరుమోసింది కేరళలోని ఎర్నాకుళం. 1971 జులైలో అక్కడ ఒక్క శిబిరంలో 63,418 ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువగా వేసెక్టమీలే. వచ్చినవాళ్లకు నగదుతో పాటు బియ్యం, బట్టలు ఇచ్చారు. పనులు దొరకని వానాకాలం అది. ఆ నెలలో బియ్యం మూట కోసం వచ్చినవాడికీ ఇంక పిల్లలు వద్దనుకుని వచ్చినవాడికీ తేడా రిజిస్టరులో కనిపించదు.

1976 ఏప్రిల్‌లో ప్రకటించిన జాతీయ జనాభా విధానం ఈ సొమ్మును పెంచింది. ఇద్దరు పిల్లలకే ఆపరేషన్ చేయించుకుంటే 150 రూపాయలు, ముగ్గురి తర్వాతైతే 100, నలుగురో ఇంకా ఎక్కువమందో ఉంటే 70. ఎంత తొందరగా ఆపితే అంత ఎక్కువ. రాష్ట్ర ప్రణాళికలకు కేంద్రం ఇచ్చే సాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణ పనితీరుకు ముడిపెట్టారు. అంటే కూలీకీ కోటా, కలెక్టరుకూ కోటా, ముఖ్యమంత్రికీ కోటా. ఆ ఎమర్జెన్సీ ఏడాది, 1976–77లో, దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లయ్యాయి, మూడొంతులు మగవాళ్లవే. 1977 ఎన్నికల్లో ఓటర్లు జవాబు చెప్పారు. కొత్త ప్రభుత్వం శాఖ పేరును 'కుటుంబ సంక్షేమం'గా మార్చింది. ఆ దెబ్బతో ఏ నాయకుడూ మళ్లీ మగవాడి జోలికి పోలేదు. కత్తెర ఆడవాళ్ల వైపు తిరిగింది.

అయిదు పైసల నిరోధ్

ఆపరేషన్‌కు ఎదురు డబ్బిచ్చిన ప్రభుత్వమే కండోమ్‌ను అమ్మింది. కలకత్తాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ వేసిన పథకం ప్రకారం 1968లో నిరోధ్ మార్కెట్లోకి వచ్చింది. ముందు అనుకున్న పేరు 'కామరాజ్'. అప్పటి కాంగ్రెస్ పెద్ద పేరు కూడా అదే కావడంతో విరమించుకున్నారు. ధర ఒక్కోటి 5 పైసలు, మూడింటి పాకెట్టు 15. అసలు ఖర్చులో మిగతాది ప్రభుత్వం భరించింది. బ్రూక్‌బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్, ఐటీసీ వంటి కంపెనీల బండ్లు టీపొడి, సబ్బులు, సిగరెట్లతో పాటు దీన్నీ కిరాణా కొట్లకు చేర్చాయి. తయారీ కోసం 1966లో పెట్టిన హిందుస్థాన్ లేటెక్స్ సంస్థ జపాన్ కంపెనీ సాంకేతికతతో 1969లో తిరువనంతపురంలో ఉత్పత్తి ప్రారంభించింది.

ఊరికే ఇవ్వగలిగినదాన్ని అమ్మడమెందుకు? ఉచితంగా వచ్చినదాన్ని జనం నమ్మరు, గోడౌన్లలో ఎలుకల పాలవుతుంది అన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఇందులో నిజం లేకపోలేదు. గర్భనిరోధక మాత్రల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాలా-ఎన్, మాలా-డి రెండింటిలోనూ ఉన్నది ఒకే మందు, ఒకే మోతాదు. ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తే ఎన్, మందుల షాపులో రెండు మూడు రూపాయలకు అమ్మితే డి. వారానికొక్కటి వేసుకునే 'సహేలీ'ని లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ప్రజాధనంతో కనిపెట్టింది. అందులో హార్మోను లేదు. 1990ల మొదట్లోనే అమ్మకానికి వచ్చిన ఆ మాత్రను 'ఛాయ' పేరుతో ఉచిత పంపిణీలోకి తేవడానికి ప్రభుత్వానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షను ఉచితంగా దొరకడం 2017లో మొదలైంది. ఆపరేషన్‌కు ఉన్న తొందర తాత్కాలిక పద్ధతులకు ఎన్నడూ లేదు.

కండోమ్ మందా, విలాస వస్తువా అన్న తగవు కోర్టు దాకా వెళ్లింది. 2013లో జాతీయ ఔషధ ధరల సంస్థ కండోమ్‌లకు గరిష్ఠ ధర పెట్టింది. కంపెనీలు సవాలు చేశాయి. 2015లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. అందుకే పక్కపక్క అరల్లోనే నామమాత్రపు ధరదీ, దానికి ఎన్నో రెట్లు ధర పలికేదీ ఉంటాయి. జీఎస్టీ మాత్రం రెండింటి మీదా లేదు. ఇందుకు భిన్నంగా, జనాభా తగ్గుతోందన్న బెంగతో చైనా 2026 జనవరి నుంచి కండోమ్‌ల మీద 13 శాతం పన్ను వేస్తోంది.

ఆశా సంచిలో రూపాయి

ఆశా కార్యకర్తలు ఇంటికే తెచ్చి ఇచ్చే పథకం 2011లో 233 జిల్లాల్లో మొదలై తర్వాత దేశమంతా విస్తరించింది. దాని ధరల పట్టిక చూడదగింది. మూడు కండోమ్‌ల పాకెట్టు 1 రూపాయి, నెల మాత్రల పట్టీ 1 రూపాయి, అత్యవసర మాత్ర 2 రూపాయలు. ఆ రూపాయి ఖజానాకు చేరదు, ఆశాకే. ఇంటింటికీ తిరిగి, కోడలు ఒంటరిగా దొరికే వేళ చూసి, అత్తగారి కంట పడకుండా పట్టీ అందించినందుకు ఆమెకు దక్కే ప్రతిఫలం అది.

ఈ రూపాయి పెద్ద భారం కాదు. కానీ అడగడం వేరు, తీసుకోవడం వేరు. మందుల షాపులో అత్యవసర మాత్రకు వంద రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. ఆ డబ్బున్నా, నలుగురు మగవాళ్లు నిలబడ్డ కౌంటరు ముందు దాని పేరు పలకడం చిన్న పట్నంలో ఏ అమ్మాయికైనా డబ్బు కంటే ఎక్కువ ఖరీదు. పెళ్లి కానివాళ్ల సంగతి ఇంకా కష్టం. కార్యక్రమం మొత్తం 'అర్హులైన దంపతుల' చుట్టూ అల్లారు. ఆశా రిజిస్టరులో వాళ్లకు వరుసే లేదు.

అదే ఆశాకు, పెళ్లయిన రెండేళ్ల వరకు బిడ్డ లేకుండా చూస్తే 500 రూపాయలు, మొదటి రెండు కాన్పుల మధ్య మూడేళ్ల ఎడం ఉండేలా చూస్తే 500, ఇద్దరితో ఆపి శాశ్వత పద్ధతికి ఒప్పిస్తే 1000 ఇచ్చే పథకం కూడా చాలా రాష్ట్రాల్లో ఉంది. ఏటా ఇన్ని ఆపరేషన్లన్న లక్ష్యాలను 1996లో ఎత్తేశామన్నారు. లక్ష్యం పోయింది, రేటు మిగిలింది.

ఆరువందల లెక్క

తెలుగు నేల మీద గర్భనిరోధం అంటే వాడుకలో ఒక్కటే మాట: ఆపరేషన్. "ఆపరేషన్ అయిపోయిందా?" అని అడిగితే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. పత్రికలవాళ్లకు అది 'కు.ని.', ఆసుపత్రి సిబ్బందికి 'డీపీఎల్'. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో 60 శాతం పైనే. దేశం సగటు 38. చాలామందికి పాతికేళ్లు నిండకముందే అయిపోతుంది. మగవాళ్ల ఆపరేషన్ దేశం మొత్తం మీద 0.3 శాతం.

ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పైగా 'కూలి నష్టపరిహారం' ఇస్తారు. 2007లో సవరించిన కేంద్ర పథకం ప్రకారం, జననాల రేటు తగ్గిన మన లాంటి రాష్ట్రాల్లో ట్యూబెక్టమీకి దారిద్ర్యరేఖ దిగువనున్నవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు 600 రూపాయలు, మిగతావాళ్లకు 250. వేసెక్టమీకి ఎవరికైనా 1100. మగవాడి ఆపరేషన్ చిన్నది, కోత కూడా లేనిది, తొందరగా లేచి తిరగొచ్చు. అయినా పరిహారం దానికే ఎక్కువ, మగవాణ్ని రప్పించడానికి. అతను రాలేదు. డబ్బుతో కదలనిది కూడా ఉందన్నమాట.

ఈ 600ను కూలీ మనిషి వైపు నుంచి చూడాలి. 2025–26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే పరిహారం రెండు రోజుల కూలికి కాస్త తక్కువ. ఆమె బరువులెత్తకుండా ఉండాల్సింది వారాలు. వెంట వచ్చిన తల్లి కూలీ పోయినట్టే. చంకలో చంటిబిడ్డ, ఆటో చార్జీ, ఆసుపత్రి బయట టిఫిన్లు, చీటీ మీద రాసిన ఒకటి రెండు మందులు ఎటూ తప్పవు. ఆపరేషన్‌కు సిద్ధపడ్డ ఇల్లు సాధారణంగా ముందే ఒక చిన్న అప్పు చేసుకుని బయల్దేరుతుంది.

ఉద్యోగమున్న ఆడవాళ్లకు చట్టం వేరే లెక్క చెబుతుంది. ట్యూబెక్టమీ చేయించుకుంటే యజమాని రెండు వారాల జీతంతో సెలవివ్వాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ట్యూబెక్టమీకి 14 రోజులు, వేసెక్టమీకి 7 రోజులు పూర్తి వేతనం. కేంద్ర ప్రభుత్వోద్యోగులకైతే ఇద్దరు ముగ్గురితో ఆపినందుకు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నెలనెలా ప్రత్యేక ఇంక్రిమెంటు, తర్వాత భత్యం ఉండేది. 2017 జులైలో రద్దు చేశారు. ఒకే ఆపరేషన్‌కు ఒకరికి రెండు వారాల జీతం, ఇంకొకరికి రెండు రోజుల కూలి. కడుపు మీద కోత ఇద్దరికీ ఒకటే.

చెడితే ఎవరి ఖర్చు

ఏ ఆపరేషనూ నూటికి నూరుపాళ్లు ఫలించదు. హర్యానాలో 1988లో ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న ఒక కూలీ మహిళకు అప్పటికే ఏడుగురు పిల్లలు. తర్వాత మళ్లీ గర్భం వచ్చింది. కుడివైపు నాళం మాత్రమే కట్టి, ఎడమది వదిలేశారని తేలింది. పుట్టిన బిడ్డ పెంపకం ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలని ఆమె కోర్టుకెక్కింది. 2000లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. 54 వేల రూపాయలు, వడ్డీ. మొత్తం చిన్నదే. బిడ్డ పెంపకాన్ని ఆపరేషన్ ఖర్చులో భాగంగా ఒప్పుకోవడం మాత్రం పెద్ద మాట. 2005లో పంజాబ్ కేసులో అదే కోర్టు వెనక్కి తగ్గి, డాక్టరు నిర్లక్ష్యం రుజువైతేనే ఇలాంటి పరిహారమని చెప్పింది.

అదే ఏడాది ప్రభుత్వం బీమా పథకం పెట్టింది. 2013 నుంచి తానే నేరుగా చెల్లిస్తోంది. 2016లో ఆపరేషన్ శిబిరాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన దేవికా బిశ్వాస్ కేసు తీర్పు తర్వాత మొత్తాలు రెట్టింపయ్యాయి. ఆపరేషన్ అయిన వారంలోపు మరణిస్తే 4 లక్షలు, ఆ తర్వాత నెలలోపైతే లక్ష, విఫలమైతే 60 వేలు, ఇతర చిక్కులకు 50 వేల వరకు. ఆ తీర్పు 2014 నవంబరు నాటి బిలాస్‌పూర్ ఘోరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఛత్తీస్‌గఢ్‌లో మూతబడ్డ ఒక ఆసుపత్రి భవనంలో కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. కనీసం పదమూడు మంది చనిపోయారు. మూడేళ్లలో శిబిరాలు మానేయమని సుప్రీంకోర్టు చెప్పింది.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో డీపీఎల్ శిబిరం పెట్టి 34 మందికి ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. తెలంగాణ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ప్రకటించింది. చావుకు ఇవ్వగలిగినదాంట్లో కొంత ముందే స్టెరిలైజరు మీద, నర్సు మీద, రోజుకు ఇన్నే ఆపరేషన్లన్న నియమం మీద పెట్టి ఉంటే అన్న ఆలోచన రాకమానదు.

బీమా కంపెనీ, యజమాని

ప్రైవేటు ఆరోగ్య బీమా మన దేశంలో ఈ ఖర్చుకు దూరం. పాలసీల్లో ప్రామాణికంగా ఉండే మినహాయింపుల జాబితాలో 17వ కోడ్ కింద వంధ్యత్వంతో పాటు 'ఏ రకమైన గర్భనిరోధమైనా, స్టెరిలైజేషనైనా' చేరుతుంది. మధ్యతరగతి వాళ్లు ప్రైవేటు ఆసుపత్రిలో రెండో సిజేరియన్‌తో పాటే ఆపరేషనూ చేయించుకోవడం వెనక ఈ లెక్క కూడా ఉంటుంది. కడుపు తెరిచే ఖర్చు ఒకసారే.

అమెరికాలో తగవంతా బీమా చుట్టూనే. అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలావాటికి ఉద్యోగమిచ్చిన కంపెనీయే బీమా ఇస్తుంది. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం కింద, 2012 ఆగస్టు నుంచి ఆ పాలసీలు గర్భనిరోధానికి వేరుగా చార్జీ లేకుండా చెల్లించాలన్నారు. హాబీ లాబీ అనే దుకాణాల గొలుసు యజమానులు తమ మత విశ్వాసానికి విరుద్ధమంటూ నాలుగు రకాల పద్ధతులకు డబ్బివ్వమన్నారు. 2014లో సుప్రీంకోర్టు 5–4 ఓట్లతో వాళ్ల మాటే నెగ్గించింది. విభేదించిన జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒక కూలి లెక్క చూపింది: గర్భాశయంలో అమర్చే సాధనం ఖరీదు, కనీస వేతనం మీద బతికే మనిషి నెల జీతానికి దగ్గర. డబ్బు పెట్టినవాడికి పద్ధతి మీద మాట ఉంటుందన్నది అక్కడ తీర్పుగానే వచ్చింది. బ్రిటన్‌లో 1974 నుంచి జాతీయ ఆరోగ్య సేవే అందరికీ ఉచితంగా ఇస్తోంది గనుక యజమానికి ఆ అవకాశమే లేదు.

రాష్ట్రాల బిల్లు

జనాభా నియంత్రణను 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ఉమ్మడి జాబితాలో చేర్చింది. అదే సవరణ లోక్‌సభ స్థానాల పంపకాన్ని 1971 జనాభా లెక్కల దగ్గర ఆపింది, పిల్లల్ని తగ్గించుకున్న రాష్ట్రం సీట్లు పోగొట్టుకోకూడదని. ఆ గడువును తర్వాత 2026 అనంతరం జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు. నిధుల్లోనూ ఇదే చిక్కు. 15వ ఆర్థిక సంఘం పన్నుల వాటా తేల్చడానికి 2011 జనాభాను తీసుకుంది. దక్షిణాది అరిచాక, జననాలు తగ్గించిన రాష్ట్రాల కోసం 12.5 శాతం బరువు కేటాయించింది. దక్షిణాది రాజకీయాల్లో ఇప్పుడు కుటుంబ నియంత్రణ ఖర్చు అంటే ఇదే. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్ల 600 రూపాయల గురించి ఆ సభల్లో ఎవరూ ఎత్తరు.

ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నిబంధనను తీసేసింది. పిల్లల్ని తగ్గించమని 1997లో జనాభా విధానం ప్రకటించిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నాడు. ఉపకేంద్రంలో మాత్రల పట్టీలు, కాపర్-టీలు, అంతర ఇంజెక్షన్లు ఇప్పటికీ ఉచితమే. ఇరవై మూడేళ్లకే ఆపరేషన్ అయిపోయి, కనమన్నా కనలేనివాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.